గిర్ని భిక్షపతి మౌన దీక్ష

ఆ రోజు పొద్దున భిక్షపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. కటింగ్ చేయించుకొస్తానని భార్యకు చెప్పాలి. మన్సూరాబాద్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడవాలి. అక్కడ ఆటో ఎక్కి మలక్‌పేటలో దిగాలి. చెవుల డాక్టరుకు చూపించుకోవాలి. వచ్చేటప్పుడు నిజంగానే కటింగ్ చేయించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి. ఎవరికీ ఏమీ తెలియకూడదు.

పథకంలో లోపం లేదు. లోపం రోజుల్లో ఉంది. అది రెండువేల పదకొండు సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, ఉద్యోగులు టెంట్లలో ఉన్నారు, బడిపిల్లలు వీధుల్లో క్రికెట్ ఆడుతున్నారు. ఆ సమయంలో హైదరాబాదులో ఎవరు ఎక్కడికి బయలుదేరినా అక్కడికే చేరతారన్న హామీ లేదు.

ఇక ఆ చెవి సంగతి. భిక్షపతి నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి పట్నం వచ్చి, మన్సూరాబాద్‌లో పిండిగిర్ని పెట్టి, ముప్పై ఏళ్ళు నడిపాడు. గోధుమలు, జొన్నలు, కారం, పసుపు. కాలనీలో ఏ ఇంట్లో రొట్టె గట్టిగా వచ్చినా తప్పు రొట్టె చేసినావిడదే తప్ప గిర్నిది కాదని ఒప్పించగల గొంతు ఆయనది. బెల్టు చప్పుడును దాటి మాట్లాడాలి కాబట్టి ఆ గొంతు అలా తయారైంది. నిరుడు మోకాళ్ళు మొరాయిస్తే గిర్ని అమ్మేశాడు. కొన్నవాళ్ళు యంత్రాన్ని ట్రాలీలో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. చప్పుడు మాత్రం తీసుకెళ్ళలేదు. అది భిక్షపతి రెండు చెవుల్లో ఉండిపోయింది. గింజలు వేయకుండా వదిలేసిన గిర్నిలా, సన్నగా, ఆగకుండా.

ఒక్కసారి మాత్రం భార్య ఈరమ్మను అడిగాడు, ఏదో మోగుతున్నట్టు లేదా అని. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుక్కరు చూసింది, బాత్‌రూమ్‌లో నల్లా చూసింది, ట్యూబులైటు ఆర్పి మళ్ళీ వేసింది. ఏమీ లేదని చెప్పి పప్పు రుబ్బుకోవడానికి వెళ్ళిపోయింది. భిక్షపతి ఇక అడగలేదు. ఎవరికీ వినబడని చప్పుడు తనకొక్కడికే వినబడుతోందని చెబితే జనం ఏమంటారో ఆయనకు తెలుసు. సొంత ఊళ్ళో అలాంటివాడొకడు ఉండేవాడు. పిల్లలు వాడి వెనక రాళ్ళు పట్టుకుని తిరిగేవారు. ముప్పై ఏళ్ళు గిర్ని భిక్షపతి అనిపించుకున్నవాడు ఈ వయసులో పిచ్చి భిక్షపతి అనిపించుకోవడానికి సిద్ధంగా లేడు.

దాచుకున్నాడు. దాచినందుకు ఫలితం అనుభవించాడు. నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఈరమ్మ చెప్పేది మోత మధ్య సగమే వినబడేది. మళ్ళీ చెప్పమంటే గుట్టు బయటపడుతుందని అన్నిటికీ ఒకటే "ఊఁ" అనేవాడు. పెళ్ళిళ్ళకు రానన్నాడు. పక్కవాళ్ళతో మాట మానేశాడు. ఈరమ్మకు అర్థమైందొక్కటే. గిర్నితో పాటు ఈ మనిషికి ఇంటి మీద మమకారం కూడా పోయింది.

"గిర్ని అమ్మినవా, మనిషిని అమ్మినవా?" అని ఒకరోజు అడిగింది.

ఆయన "ఊఁ" అన్నాడు.

అందుకే ఆ పొద్దున డాక్టరు ప్రయాణం. రక్తపరీక్ష ఉంటుందేమోనని టిఫిను కూడా తినకుండా, తెల్ల ధోవతి, తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరాడు. ఎల్బీనగర్‌లో ఆటో దొరికింది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఆగిపోయింది. ముందు రాస్తారోకో ఉందని, ఇక కదిలేది లేదని ఆటోవాడు అందరినీ దింపేశాడు. ఎండ దంచుతోంది. రోడ్డు పక్కన పెద్ద టెంటు, టెంటు కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు కనిపించాయి. భిక్షపతి చివరి కుర్చీలో కూలబడ్డాడు. దారి తెరిచేదాకా అక్కడే ఉందామనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన వెనక డప్పుల బృందం మొదలుపెట్టింది.

మొదటి దెబ్బకు భిక్షపతి ఉలిక్కిపడ్డాడు. రెండో దెబ్బకు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కాసేపటికి చెయ్యి తీసేశాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియడానికి కొంత సమయం పట్టింది. చెవిలో గిర్ని లేదు. డప్పు దాన్ని మింగేసింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన తల లోపల ఖాళీ ఇల్లులా చల్లగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచి రెండు చుక్కలు జారాయి. తర్వాత ఏడాది నిద్ర ఒక్కసారిగా ఆయన మీద పడింది.

వేదిక దగ్గర వేరే కష్టం నడుస్తోంది. ఆ రోజు వయోవృద్ధుల రిలే నిరాహార దీక్ష. పొద్దున దండలు వేయించుకుని సాయంత్రం దాకా కూర్చోవలసిన ఐదుగురిలో కొత్తపేట నుంచి రావలసిన పెద్దమనిషి రాలేదు. టీవీ వాళ్ళు వచ్చేశారు. శిబిరం నడిపే వకీలు మహిపాల్ టెంటంతా కలయజూశాడు. చివరి కుర్చీలో తెల్ల బట్టల ముసలాయన. కళ్ళు మూసుకుని, చెంపల మీద కన్నీళ్ళతో, పిడుగుల్లాంటి డప్పుల మధ్య రాయిలా కదలకుండా ఉన్నాడు. మహిపాల్ గుండె కరిగింది. కొత్తపేట పెద్దమనిషి వచ్చాడు, వచ్చి వెనక కూర్చున్నాడు, అదీ పెద్దరికం, అనుకున్నాడు. ఆయన ధ్యానం చెడగొట్టవద్దని చెప్పి, నలుగురు కార్యకర్తల చేత కుర్చీతో సహా ఎత్తించి వేదిక మీద పెట్టించాడు.

భిక్షపతి లేచేసరికి మెడలో బంతిపూల దండ ఉంది. అటూ ఇటూ దండలతో ముసలివాళ్ళున్నారు. ఎదురుగా కెమెరా ఉంది. మెల్లగా పక్కాయన్ను అడిగితే, ఐదు గంటలకు నిమ్మరసం ఇస్తారని, అప్పటిదాకా మంచినీళ్ళు మాత్రమేనని చెప్పాడు. లేచి వెళ్ళిపోవచ్చు. ఆకలి వెళ్ళమంటోంది. కానీ డప్పు ఇంకా మోగుతోంది. చెవి ఉండమంటోంది. భిక్షపతి చెవి మాట విన్నాడు.

మహిపాల్ మైకు తెచ్చి పేరు, సంఘం చెప్పమన్నాడు.

"భిక్షపతి," అన్నాడాయన. సంఘమంటే ఏం చెప్పాలో తోచక, అలవాటు ప్రకారం "గిర్ని" అన్నాడు.

ఆ రోజుల్లో వకీళ్ళకు ఒక జేఏసీ, టీచర్లకు ఒక జేఏసీ, కులానికొకటి, కాలనీకొకటి. గిర్నీలకు ఉండకూడదని ఎవరూ అనలేదు. మర్నాడు పేపరు జోన్ పేజీలో ఫొటో వచ్చింది. కింద "పిండిగిర్నీల జేఏసీ కన్వీనర్ భిక్షపతి" అని ఉంది. అప్పటికి ఆ జేఏసీలో సభ్యుడు ఆయనొక్కడే. ఆయనకూ గిర్ని లేదు.

పేపరు పక్కింటి సూర్యప్రభ తెచ్చి ఈరమ్మకు చదివి వినిపించింది. ఈరమ్మ ఫొటో మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మొగుడి ముందుకు వచ్చి నిలబడింది.

"కటింగ్‌కు పోతున్న అని అబద్ధమెందుకు చెప్పినవ్? ఉద్యమానికి పోతున్న అంటే నేను వద్దంటనా?"

భిక్షపతి నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. ఆమె ముఖం చూశాడు. ఏడాదిగా ఆమె ఆయన వైపు అలా చూడలేదు. గిర్ని పెట్టిన మొదటి రోజు, మొదటి పిండి చేతిలోకి తీసుకుని చూసుకున్నప్పటి చూపు అది. ఆయన నోరు మూసుకున్నాడు. రెండో అబద్ధం అలా నోరు మెదపకుండానే జరిగిపోయింది.

ఆ రోజు నుంచి భిక్షపతి పొద్దున్నే టెంటులో ఉండేవాడు. డప్పుల పక్క కుర్చీ ఆయనది. బృందం అలిసిపోయి డప్పులు దించితే ఊరుకునేవాడు కాదు. చాయ్ తెప్పించేవాడు, వీపు తట్టేవాడు, మళ్ళీ కొట్టించేవాడు. ఇంత పట్టుదల ఉన్న మనిషి శిబిరంలో మరొకరు లేరని మహిపాల్ మైకులో చెప్పాడు. వనస్థలిపురం నుంచి, కొత్తపేట నుంచి నిజమైన గిర్నీలవాళ్ళు వచ్చి కన్వీనర్‌కు దండలు వేశారు. భిక్షపతి తిన్నాడు, నిద్రపోయాడు, ఒకటి రెండుసార్లు నవ్వాడు కూడా. ఇంటికొచ్చి ఆ రోజు ఎవరేం మాట్లాడారో చెబుతుంటే ఈరమ్మ తలుపుకు ఆనుకుని వినేది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

సమ్మె గట్టిపడే కొద్దీ ఊరు నిశ్శబ్దమవుతోంది. బస్సుల హోరు ముందే పోయింది. సింగరేణిలో బొగ్గు ఆగడంతో కరెంటు కోతలు మొదలయ్యాయి. కోత పెట్టగానే ఫ్యాను ఆగేది, టీవీ ఆగేది, భిక్షపతి చెవిలో గిర్ని అందుకునేది. ఆపైన గిర్నీలవాళ్ళు కన్వీనర్ మాట కోసం ఎదురుచూస్తున్నామని, మిగతా సంఘాలన్నీ బంద్ చేస్తుంటే తామొక్కరమే నడుపుకుంటే తలవంపులని పట్టుబట్టారు. భిక్షపతికి కాదనడానికి కారణం దొరకలేదు. రెండు రోజులు తూర్పు హైదరాబాదులో ఒక్క గిర్ని తిరగలేదు. చెవిలో మోతను కప్పగల ఇంకో చప్పుడును ఆయన చేతులతోనే ఆపించాడు.

అది బతుకమ్మ పండుగ సమయం. సద్దుల నైవేద్యానికి పిండి పట్టించుకోవలసిన ఆడవాళ్ళంతా గిన్నెలతో ఈరమ్మ మీదికి వచ్చారు. ఈరమ్మ ఎవరికీ తలవంచలేదు. మా ఆయన మాట మీద పట్నంలో గిర్నీలు ఆగాయంటే అది మన బస్తీకే గౌరవమని చెప్పి, పెరట్లోని పాత రోలు కడిగించి, అందరి చేతా వంతుల వారీగా దంపించింది. రోటి పోటు వినబడుతున్నంతసేపు భిక్షపతి వంటింటి గుమ్మం వదల్లేదు. ఆడవాళ్ళ కష్టం చూసి మనసు ఆగక నిలబడ్డాడని వాళ్ళు అనుకున్నారు.

కోతల వేళ ఆయనకు మిగిలిన ఆధారం ఒక్కటే. పక్కింటి భానుమూర్తి జనరేటరు.

భానుమూర్తి తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, పోస్టాఫీసులో రిటైరైనవాడు, సూర్యప్రభ భర్త. ఆడవాళ్ళిద్దరి రాకపోకలు ఆగలేదు గానీ, మగవాళ్ళిద్దరూ రెండేళ్ళుగా గేటు దగ్గర ఎదురైతే తల పంకించుకుని తప్పుకునేవారు. ఎవరికి ఎవరిమీదా కోపం లేదు. ఏం మాట్లాడితే ఏమవుతుందోనన్న బెరుకు. ఆ భానుమూర్తి చిన్న జనరేటరొకటి కొని ప్రహరీ పక్కన పెట్టాడు. కరెంటు పోగానే అది లారీలా రొద చేసేది. కాలనీ అంతా చెవులు మూసుకునేది. భిక్షపతి మాత్రం మంచాన్ని ప్రహరీ వైపు జరుపుకుని పడుకునేవాడు.

ఒక సాయంత్రం కాలనీ సంఘం పెద్ద అంతయ్య నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మోటారుతో పరేషాన్ అయిపోతున్నామని, కన్వీనర్ ఒక్క మాట చెబితే భానుమూర్తి భయపడైనా ఆపేస్తాడని అడిగాడు. భిక్షపతి ప్రహరీ వైపు చూశాడు.

"నడవనియ్యుండ్రి," అన్నాడు.

ఎందుకని అంతయ్య అడిగాడు. అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి.

"అన్నదమ్ముల లెక్క విడిపోదాం అని టెంటుల రోజూ చెప్తున్నం గద. కొట్లాట మూర్తి సారుతోని గాదు. ఆయిన మోటారుతోని అసలే గాదు. గోడ అవతల మనిషి భయపడి సప్పుడు బంద్ చేస్తే, గది మనకు ఇజ్జత్ గాదు."

చెవి కోసం మొదలుపెట్టిన మాట. ముగిసేసరికి తనకే నిజమనిపించింది. అంతయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు మహిపాల్ ఆ మాటను మైకులో చెప్పాడు. ఆ తర్వాతి రోజు పేపరులో వచ్చింది. ఆ సాయంత్రం భానుమూర్తి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

"మీరు నా తరఫున మాట్లాడారటండీ," అన్నాడు. తర్వాత ఇంకేదో చెప్పబోయి చెప్పలేక, భిక్షపతి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. ఈరమ్మ అదంతా కిటికీలోంచి చూసింది. ఆ పూట ఆయన పళ్ళెంలో నెయ్యి రెండుసార్లు పడింది.

గౌరవం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

గాంధీ జయంతి దగ్గరపడింది. మహిపాల్ నలుగురు పెద్దలతో ఇంటికే వచ్చాడు. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో వయోవృద్ధుల మౌన దీక్ష తలపెట్టామన్నాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోటికి నల్లగుడ్డ. మైకు ఉండదు, నినాదం ఉండదు, డప్పు ఉండదు. చుట్టుపక్కల దుకాణాల షట్టర్లు కూడా దింపిస్తున్నామన్నాడు. అంత హోరులో కళ్ళు మూసుకుని నిశ్చలంగా కూర్చోగలిగిన మనిషి ఒక్కరే కాబట్టి, దీక్షకు ఆయనే ముందుండాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించిందన్నాడు.

భిక్షపతి మోకాళ్ళన్నాడు. కుర్చీ వేస్తామన్నారు. బీపీ అన్నాడు. డాక్టర్ల జేఏసీ పక్క టెంటులోనే ఉంటుందన్నారు. తనకంటే పెద్దవాళ్ళున్నారన్నాడు. ఆ పెద్దవాళ్ళే మీ పేరు చెప్పారన్నారు. ఆయన నాలుగో కారణం వెతుక్కుంటుండగా లోపలి నుంచి ఈరమ్మ గొంతు వచ్చింది.

"ఒస్తడు."

తీర్మానం అయిపోయింది.

అక్టోబరు రెండు. దిల్‌సుఖ్‌నగర్ అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ ఉండి ఉండదు. బట్టల దుకాణాలు లేవు, కేకలు లేవు, హారన్లు లేవు. రోడ్డును పోలీసులు మళ్ళించారు. తెల్లగుడ్డ పరిచిన వేదిక మీద వరసగా కుర్చీల్లో ముసలివాళ్ళు, నోళ్ళకు నల్లగుడ్డలు. ముందు వరసలో, నడిమధ్యన భిక్షపతి ఉన్నాడు. బతుకమ్మలతో వచ్చిన ఆడవాళ్ళను మహిపాల్ సాయంత్రం దాకా చప్పట్లు కొట్టవద్దని వేడుకుని ఒక పక్కన కూర్చోబెట్టాడు. చప్పుడు లేని బతుకమ్మ ఎక్కడైనా ఉంటుందా అని ఈరమ్మ అడిగింది గానీ, మొగుడి దీక్ష కాబట్టి ఊరుకుంది.

కాసేపటికి జనంలో కదలిక. భానుమూర్తి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సొంతంగా తెచ్చుకున్న నల్లగుడ్డ. ఎవరినీ అడగకుండా వచ్చి భిక్షపతి పక్కన కూర్చుని నోటికి కట్టుకున్నాడు. కెమెరాలన్నీ అటు పరుగెత్తాయి. మహిపాల్ ముఖం వెలిగిపోయింది.

భిక్షపతి ముఖం వెలగలేదు. చెవిలో గిర్ని పూర్తి వేగం అందుకుంది. తల లోపల బెల్టు తిరుగుతోంది, రాయి తిరుగుతోంది, గింజ మాత్రం లేదు. పాదంతో నేల మీద తాళం వేశాడు. కార్యకర్తొకడు వచ్చి మోకాలి మీద మెత్తగా చెయ్యి వేసి ఆపాడు. పక్కనున్న పేపరు తీసి గరగరలాడించాడు. ఎవరో వినయంగా దాన్ని తీసుకుని మడిచి పెట్టారు. గట్టిగా దగ్గాడు. దగ్గకూడదని నియమం లేదు గానీ, నీళ్ళు తెచ్చి ఇచ్చారు. నీళ్ళు తాగాక దగ్గడానికి సాకు లేకపోయింది. ఇక లేచిపోవడమే మిగిలింది. లేస్తే దీక్ష భంగం. కెమెరాల ముందు, గిర్నీల సంఘం ముందు, అన్నిటికీ మించి ఆ మూలన బతుకమ్మ పక్కన కూర్చుని తన వైపే చూస్తున్న ఈరమ్మ ముందు.

పళ్ళు బిగించి తల పక్కకు తిప్పాడు. అప్పుడు కనిపించింది.

భానుమూర్తి అరచేతుల్ని చెవుల మీద అదిమాడు. వదిలాడు. మళ్ళీ అదిమాడు. దవడ అటూ ఇటూ తిప్పాడు. చెవి వెనక రెండు వేళ్ళతో టకటకా తట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ కసరత్తు భిక్షపతికి తెలుసు. ఏడాదిగా తలుపేసుకుని తను చేస్తున్నదే. అదిమే వరస కూడా అదే. ఈ ప్రపంచంలో తనొక్కడే చేస్తాడనుకున్నది ఇంకో మనిషి, గోడ అవతలి మనిషి, తన కళ్ళెదుట చేస్తున్నాడు.

భిక్షపతి చేతులు తల వెనక్కి వెళ్ళాయి. ముడి విప్పాయి. నల్లగుడ్డ ఒళ్ళో పడింది.

"మూర్తి సారూ. మీకు గూడ మోగుతదా?"

గిర్ని దాటి మాట్లాడి అలవాటైన గొంతు. ఆ నిశ్శబ్దంలో అది చైతన్యపురి దాకా వినబడి ఉంటుంది. భానుమూర్తి మహిపాల్ వైపు చూశాడు, కెమెరాల వైపు చూశాడు. అతనూ ముడి విప్పాడు.

"మూడేళ్ళ నుంచండీ."

"ఎట్ల మోగుతది?"

"కుక్కర్ విజిల్ వేసే ముందు ఒక రొద ఉంటుంది చూశారూ, అది. విజిల్ మాత్రం రాదు. వస్తే బాగుణ్ణని ఉంటుంది." భానుమూర్తి కొంచెం దగ్గరికి జరిగాడు. "మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందండీ. ఆ జనరేటర్ లైట్ల కోసం కాదు."

"నేను దాన్ని నడవనియ్యమన్నది గూడ మీ కోసం గాదు సారు," అన్నాడు భిక్షపతి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు భానుమూర్తి నవ్వాడు. తర్వాత భిక్షపతి నవ్వాడు. కుర్చీలు కదిలేలా నవ్వారు. మహిపాల్ పరుగున వచ్చి చేతులు జోడించాడు.

"కాకా, మౌనం."

"ఏడాది సంది మౌనంగనే ఉన్న బిడ్డా," అన్నాడు భిక్షపతి. "ఇగ చాలు."

వెనక వరసలో నల్లగుడ్డ ఒకటి కిందికి జారింది. వనస్థలిపురం నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు విశ్వేశ్వరరావు తనది కీచురాయన్నాడు. ఇంకొకాయన తనకు ఎడమ చెవిలో మాత్రమేనని, అది ఎక్కువా తక్కువా అని అడిగాడు. తనకు మోత లేదు గానీ తన అన్నకు ఉండేదని, ఆయన్ను పాపం ఎవరూ నమ్మలేదని మరొకాయన కళ్ళు ఒత్తుకున్నాడు. ముడులు విప్పలేనివాళ్ళు గుడ్డలు గడ్డం కిందికి లాక్కున్నారు. కాసేపట్లో మౌన దీక్ష వేదిక చేపల మార్కెట్టయింది. టీవీ అమ్మాయి మైకు ఎవరి ముందు పెట్టాలో తెలియక నడుమ నిలబడిపోయింది. మహిపాల్ మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

ఈరమ్మ లేచి వచ్చింది. ఆమెను చూసి మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆ రోజు అసలైన మౌనం అప్పుడు వచ్చింది.

"ఆ దినం ఏందో మోగుతుందని అడిగినవ్. గిదేనా?"

"గిదే."

"నేను పోయి కుక్కర్ చూసొచ్చిన." ఆమె టెంటు మూలన చేతులు కట్టుకుని కూర్చున్న డప్పుల బృందం వైపు చూసింది. "అయితే ఈ టెంటుకు నువ్వు డప్పు కోసం వచ్చినవా?"

భిక్షపతి తలవంచలేదు. ఇన్నాళ్ళూ ఆమె చూపు నిలుపుకోవడానికే అబద్ధం మోశాడు. ఇప్పుడు అదే చూపు ఎదురుగా ఉంది. పోతే పోనీ అనుకున్నాడు.

"మొదటి దినం డప్పు కోసమే. దండ గూడ నిద్రల ఏసిన్రు, నాకు తెల్వదు. కానీ ఈరమ్మ, తర్వాత దినం నన్నెవ్వరూ మోసుకరాలే. నా కాళ్ళతోని నేనే వచ్చిన. ఇయ్యాల ఈడ డప్పు లేదని తెలిసే వచ్చిన. పొద్దటి సంది తలకాయల గిర్ని తిరుగుతుంది. అయినా కూసున్న."

ఈరమ్మ ఆయన ఒళ్ళో పడి ఉన్న నల్లగుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, తన కొంగున ముడేసుకుంది. ఆమె ముఖంలో ఆ చూపు పోలేదు. ఇంకొంచెం పెరిగింది. తర్వాత మహిపాల్ వైపు తిరిగింది.

"వకీల్ సాబ్, మా ఆయిన పొద్దటి సంది కూసున్నది దీక్ష గాదా?"

"దీక్షే, పెద్దమ్మా," అన్నాడు మహిపాల్. వకీలు కదా, కేసు ఎటు మొగ్గిందో అతనికి తెలిసిపోయింది.

"అయితే డప్పు కొట్టియ్యి. పెద్దమనుషులకు చెవులు మోగుతున్నయంట."

డప్పు మోగింది. బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళ చప్పట్లు కలిశాయి. షట్టర్లు దింపిన వీధి అదిరింది. వేదిక మీద వరసగా ముసలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఈసారి వాళ్ళు ఎందుకు మూసుకున్నారో అందరికీ తెలుసు.

మూడోరోజు మలక్‌పేట డాక్టరమ్మ గదిలోకి భిక్షపతి, భానుమూర్తి, ఇద్దరి భార్యలు కలిసి వెళ్ళారు. జబ్బు సంగతి అంతా ఈరమ్మే చెప్పింది, కుక్కరు ముచ్చటతో సహా. డాక్టరమ్మ చెవులు పరీక్షించింది. ఇది పిచ్చి కాదని, భ్రమ కాదని, గిర్ని హోరులో ముప్పై ఏళ్ళు గడిపిన చెవికి వినికిడి తగ్గిందని, తగ్గిన చోటును మెదడు తన మోతతో నింపుకుంటోందని చెప్పింది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనంది. అలవాటైతే బాధించడం తగ్గుతుందంది. వినికిడికి మిషను రాసింది. నిశ్శబ్దంలో ఒంటరిగా ఉండవద్దని, సన్నగా రేడియోనో ఫ్యానో పెట్టుకోమని, ముఖ్యంగా మనసులో దాచుకోవద్దని చెప్పింది. చివరికి అడిగింది, ఈమధ్య పెద్ద చప్పుళ్ళ దగ్గర గానీ ఉన్నారా అని.

నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నాక, అది కూడా ఈరమ్మే చెప్పింది. డప్పు పక్కన కూర్చోవడం, జనరేటరు పక్కన పడుకోవడం తక్షణం మానెయ్యాలని డాక్టరమ్మ అంది. అవి ఆ కాసేపు మోతను కప్పుతాయి గానీ మిగిలిన చెవిని కూడా తినేస్తాయంది.

మర్నాడు పొద్దున భిక్షపతి తెల్ల ధోవతి కట్టుకోవడం చూసి, డప్పు దగ్గర కూర్చోవద్దన్నప్పుడు టెంటుకెందుకని ఈరమ్మ అడిగింది.

"డప్పు లేకున్నా నేను కన్వీనర్‌నే గద," అన్నాడాయన.

ఈరమ్మ రెండు చెవులకూ దూది చుట్టి ఇచ్చింది. సమ్మె ముగిసేదాకా ఆయన రోజూ వెళ్ళాడు. డప్పులకు దూరంగా, టెంటు ఆ చివరన కూర్చున్నాడు. విశ్వేశ్వరరావు ఒక పక్క, సమ్మెతో సంబంధం లేకపోయినా భానుమూర్తి ఇంకో పక్క. ఎవరికి ఆ రోజు ఎంత మోగిందో చెప్పుకునేవారు, గట్టిగా, చెవులు వినబడనివాళ్ళు మాట్లాడుకునేంత గట్టిగా. దారిన పోయేవాళ్ళు అది కూడా ఉద్యమంలో భాగమే అనుకుని నిలబడి వినేవారు.

ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ శిబిరంలో చాలా రకాల దీక్షలు జరిగాయి గానీ, ముసలివాళ్ళ చేత మౌన దీక్ష చేయించాలన్న ఆలోచన కమిటీలో మళ్ళీ ఎవరికీ రాలేదు.